స్నాప్‌డీల్ రెండు మలుపులు: ఇన్వెస్టర్లు ఒకసారి వెంట నడిచారు, ఒకసారి అమ్మేయమన్నారు

స్టార్టప్ నడిపేవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "బిజినెస్ మోడల్ మారుస్తామంటే ఇన్వెస్టర్లు ఒప్పుకుంటారా సార్?" హైదరాబాద్‌లో తొలి దశ కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ఒక చిన్న ఫండ్‌లో బోర్డు పత్రాలు చదివి సమీక్ష నోట్లు రాయడం నా పని. ఆ ప్రశ్నకు ఔను, కాదు అని ఒక్క మాటలో జవాబు ఉండదు. ఆ ఇన్వెస్టరు ఎంత డబ్బు పెట్టాడు, ఏ వాల్యుయేషన్‌లో (కంపెనీ మొత్తానికి ఎంత విలువ కట్టి) పెట్టాడు, అతని చేతిలో ఏ హక్కులున్నాయి, అతని ఫండ్ మూసేయడానికి ఇంకెన్నేళ్ళుంది, వీటిని బట్టి జవాబు మారిపోతుంది. కొత్త వ్యూహం ఎంత బాగుందనేది వీటి తర్వాతే వస్తుంది.

దీన్ని చూపించడానికి స్నాప్‌డీల్ కంటే మంచి కేసు మన దేశంలో నాకు కనబడలేదు. కంపెనీ ఒకటే, ఫౌండర్లూ అదే ఇద్దరు. 2011లో దారి మారుస్తామంటే బోర్డు వెంట నడిచింది. 2017లో మారుస్తామంటే అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టిన ఇన్వెస్టరు కంపెనీని అమ్మేయమన్నాడు. ఈ ఆరేళ్ళలో ఏం మారిందో చూస్తే అడిగిన ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

2011: కూపన్ల నుంచి సరుకుల వైపు

కునాల్ బహల్, రోహిత్ బన్సల్ ఢిల్లీలో స్కూల్ స్నేహితులు. 2007లో జాస్పర్ ఇన్ఫోటెక్ అనే కంపెనీ పెట్టి మొదట మనీసేవర్ పేరుతో డిస్కౌంట్ కూపన్ల పుస్తకాలు అమ్మారు. 2010 ఫిబ్రవరిలో అదే ఆలోచనను స్నాప్‌డీల్ వెబ్‌సైట్‌గా ఇంటర్నెట్‌లోకి తెచ్చారు. హోటల్ భోజనం మీద సగం ధర, స్పా మీద డిస్కౌంట్, అలాంటి రోజువారీ డీల్స్. అమెరికాలో గ్రూపాన్ మాంచి ఊపు మీదున్న రోజులవి. 2011 జనవరిలో నెక్సస్, ఇండోయూఎస్ ఫండ్లు 1.2 కోట్ల డాలర్లు పెట్టాయి. జూలైలో బెస్సెమర్ కూడా చేరి మరో 4 కోట్లకు పైగా డాలర్లు వచ్చినట్టు వార్తలొచ్చాయి. ఇండోయూఎస్ తరఫున ఈ పెట్టుబడి చూసిన వాణీ కోలా మన హైదరాబాద్ మనిషే. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో కంపెనీలు నడిపి, 2006లో తిరిగొచ్చి ఇన్వెస్టర్ అయ్యారు. ఆ ఫండే తర్వాత కలారీ క్యాపిటల్ అయింది.

జూలైలో డబ్బు పెట్టినవాళ్ళు కొన్నది డీల్స్ కంపెనీని. ఆ ఏడాది తిరక్కుండానే ఫౌండర్లు డీల్స్ వ్యాపారాన్ని పక్కనబెట్టి, అమ్మకందారులు సరుకు పెట్టుకునే మార్కెట్‌ప్లేస్‌గా మారతామన్నారు. బహల్ చైనా వెళ్ళి అలీబాబా మోడల్ చూసొచ్చాక ఈ నిర్ణయం గట్టిపడింది. పైగా అప్పటికి డీల్స్‌లో స్నాప్‌డీల్ దేశంలో ముందున్న కంపెనీ. బాగా నడుస్తున్న కొట్టుకు తాళం వేస్తామంటే ఏ బోర్డుకైనా టెన్షన్ పుట్టడం సహజం.

అయినా బోర్డు సరే అంది. ఎందుకని?

డీల్స్ వ్యాపారంలో ఒక మౌలికమైన లోపం ఉంది, అది అంకెల్లో తెలిసిపోతుంది. సగం ధరకు బిర్యానీ తిన్న కస్టమరు పూర్తి ధరకు మళ్ళీ ఆ హోటల్‌కి రావాలని గ్యారంటీ లేదు. రాకపోతే హోటల్ యజమాని రెండోసారి డీల్ ఇవ్వడు. అంటే సేల్స్ మనుషులు ప్రతి నెలా కొత్త హోటల్ గడప తొక్కాలి, ఊరు పెరిగిన కొద్దీ మనుషులు పెరగాలి, ఖర్చు ఎక్కడా తగ్గదు. సరుకు అమ్మకంలో అలా కాదు. ఒక్కసారి చేరిన అమ్మకందారు తన సరుకు తానే పెట్టుకుంటాడు, షాపింగ్ మాల్ మొహం చూడని ఊళ్ళ నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి. ఫౌండర్లు నేల విడిచి సాము చేయలేదు. ఉన్న కస్టమర్లను, ఉన్న సేల్స్ బృందాన్ని కొత్త వ్యాపారంలోకి మోసుకెళ్ళారు.

ఇది సగం కారణం. మిగతా సగం ఇన్వెస్టర్ల వైపు ఉంది. జూలైలో వచ్చిన సొమ్ము ఇంకా పూర్తిగా ఖర్చు కాలేదు. వాల్యుయేషన్ ఆకాశాన్ని అంటలేదు. తొలి దశ ఫండ్ లెక్క వేరుగా ఉంటుంది. అది ఇరవై ముప్ఫై కంపెనీల్లో డబ్బు పెడుతుంది, అందులో చాలా మునుగుతాయని ముందే తెలుసు, ఒకటో రెండో పెద్దవై మొత్తం ఫండ్‌ని గట్టెక్కించాలి. అలాంటి ఇన్వెస్టరుకి ఓ మోస్తరు డీల్స్ కంపెనీ కన్నా, మునిగినా మునగొచ్చు గానీ గెలిస్తే దేశమంతా పాకే మార్కెట్‌ప్లేసే నయం. పోయేది పెట్టినంతే, వచ్చేదానికి హద్దు లేదు.

అమెరికాలో టైనీ స్పెక్ విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆ కంపెనీ గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట తయారుచేసి 2012 చివర్లో మూసేసింది. అప్పటిదాకా వచ్చిన దాదాపు 1.7 కోట్ల డాలర్లలో 50 లక్షలు మిగిలాయి. ఫౌండర్ స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ ఆ మిగిలింది వెనక్కి ఇస్తానంటే ఇన్వెస్టర్లు వద్దన్నారు, ఇంకోటి చెయ్యమన్నారు. వాళ్ళ బృందం ఆఫీసులో మాట్లాడుకోవడానికి కట్టుకున్న సాధనమే స్లాక్ అయింది. 2021లో సేల్స్‌ఫోర్స్ దాన్ని సుమారు 2,770 కోట్ల డాలర్లకు కొన్నది. అందరూ ఇందులో బటర్‌ఫీల్డ్ ప్రతిభను చెబుతారు. ఇన్వెస్టర్ల కోణంలో చూస్తే, మిగిలిన ఆ 50 లక్షలు వెనక్కి తీసుకున్నా వాళ్ళ ఫండ్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ స్థితిలో మంచి బృందానికి ఇంకో అవకాశం ఇవ్వడమే తెలివైన పని.

మధ్యలో వచ్చిపడిన డబ్బు

2014 ఫిబ్రవరిలో ఈబే ముందుండి 13 కోట్ల డాలర్లకు పైగా, మేలో టెమాసెక్, బ్లాక్‌రాక్, ప్రేమ్‌జీ ఇన్వెస్ట్ వంటివాళ్ళు 10 కోట్ల డాలర్లు, అక్టోబర్‌లో జపాన్ ఇన్వెస్టరు సాఫ్ట్‌బ్యాంక్ ఏకంగా 62.7 కోట్ల డాలర్లు. 2015 ఆగస్టులో అలీబాబా, ఫాక్స్‌కాన్, సాఫ్ట్‌బ్యాంక్ కలిసి మరో 50 కోట్ల డాలర్లు. 2016 మొదట్లో వాల్యుయేషన్ 650 కోట్ల డాలర్లకు చేరింది. ఆ డబ్బుతో స్నాప్‌డీల్ అటు ఫ్లిప్‌కార్ట్‌తో, ఇటు అమెజాన్‌తో డిస్కౌంట్ల యుద్ధానికి దిగింది. 2015 ఏప్రిల్‌లో మొబైల్ రీచార్జ్, చెల్లింపుల కంపెనీ ఫ్రీచార్జ్‌ని సుమారు 40 కోట్ల డాలర్లకు కొన్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. ఆన్‌లైన్ అమ్మకందారులకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే యూనికామర్స్‌ని కొన్నది, వల్కన్ ఎక్స్‌ప్రెస్ అనే డెలివరీ కంపెనీ నడిపింది.

2017 ఫిబ్రవరిలో వందలాది ఉద్యోగులను తీసేస్తూ ఫౌండర్లిద్దరూ రాసిన ఈమెయిల్ బయటికొచ్చింది. అసలు వ్యాపారంలో లాభం దారి తేలకముందే చాలా పనులు నెత్తికెత్తుకున్నామని అందులో ఒప్పుకున్నారు, తమ జీతం నూటికి నూరు శాతం వదులుకుంటున్నామని చెప్పారు. 2016-17లో కంపెనీ నష్టం 4,647 కోట్ల రూపాయలు.

2017: అమ్మాలా, మారాలా

అప్పటికి ఫౌండర్ల ముందున్నవి రెండే దారులు. ఒకటి ఫ్లిప్‌కార్ట్‌లో కలిసిపోవడం. రెండోది బ్రాండెడ్ ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ మీద డిస్కౌంట్ల పోటీ వదిలేసి, చిన్న ఊళ్ళ కస్టమర్లకు తక్కువ ధర బట్టలు, ఇంటి సామాన్లు అమ్ముకునే సన్నపాటి మార్కెట్‌ప్లేస్‌గా మిగలడం. దీనికే తర్వాత స్నాప్‌డీల్ 2.0 అని పేరు పెట్టారు.

అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టిన సాఫ్ట్‌బ్యాంక్ మొదటి దారే పట్టుకుంది. నెలల తరబడి చర్చలు సాగాయి. మొదట వచ్చిన ఆఫర్ చాలా తక్కువని బోర్డు కాదంది, తర్వాత అది 90 నుంచి 95 కోట్ల డాలర్ల దాకా వెళ్ళినట్టు పత్రికలు రాశాయి. నెక్సస్, కలారీ ధర విషయంలో మొదట ఒప్పుకోలేదు. ఫౌండర్లకు, తొలి ఇన్వెస్టర్లకు విడిగా చెల్లింపులుంటాయన్న వార్తలు రాగానే, చిన్న వాటాదారైన ప్రేమ్‌జీ ఇన్వెస్ట్ ఆ చెల్లింపులను ప్రశ్నిస్తూ బోర్డుకు లేఖ రాసింది.

ఆ విడి చెల్లింపుల అవసరం ఎందుకొచ్చిందో అర్థమైతే ఈ కేసంతా అర్థమైనట్టే. అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

మన దేశంలో వెంచర్ ఫండ్లు ఎక్కువగా, తర్వాత మామూలు షేర్లుగా మార్చుకోగలిగే ప్రిఫరెన్స్ షేర్ల రూపంలో డబ్బు పెడతాయి. కంపెనీ అమ్ముడుపోతే ఫౌండర్లకంటే ముందు తాము పెట్టిన సొమ్ము వెనక్కి తీసుకునే హక్కు ఒప్పందంలో రాసుకుంటారు. దీన్నే లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అంటారు. ఒక ఊహా కంపెనీతో లెక్క వేద్దాం, ఇవి స్నాప్‌డీల్ అంకెలు కావు. ఏంజెల్స్ (మొట్టమొదట సొంత డబ్బు పెట్టే వ్యక్తులు) 4 కోట్లు, తొలి ఫండ్ 16 కోట్లు, పెద్ద ఫండ్ 80 కోట్లు పెట్టారు. మొత్తం 100 కోట్లు. వాటాలు చూస్తే పెద్ద ఫండ్‌కి 35 శాతం, తొలి ఫండ్‌కి 20, ఏంజెల్స్‌కి 5, ఫౌండర్లకు 30, ఈసాప్స్ (ఉద్యోగులకు కేటాయించే షేర్లు) 10.

ఇప్పుడు కంపెనీని 60 కోట్లకు కొనేవాడు వచ్చాడు. పెద్ద ఫండ్‌కే మొదటి హక్కు అని రాసుంటే 60 కోట్లూ దానికే పోతాయి. ఇన్వెస్టర్లందరూ సమాన వరసలో ఉంటే పెద్ద ఫండ్‌కి 48 కోట్లు, తొలి ఫండ్‌కి 9.6, ఏంజెల్స్‌కి 2.4. ఎలా చూసినా ఫౌండర్లకు, ఉద్యోగులకు సున్నా.

రెండో దారిలో అమ్మకుండా కొత్త వ్యూహంతో నడిపితే, ఐదింట ఒక వంతు అవకాశంతో కంపెనీ 400 కోట్ల విలువకు చేరుతుంది, లేదంటే మునిగిపోతుంది అనుకుందాం. గెలిస్తే పెద్ద ఫండ్ వాటా 140 కోట్లు. కానీ గెలిచే అవకాశంతో లెక్కగడితే అది 28 కోట్లే. చేతికందే 48 కోట్లనో 60 కోట్లనో వదులుకుని 28 కోట్ల ఆశను ఎందుకు పట్టుకుంటుంది? అమ్మేయమంటుంది. తొలి ఫండ్ వాటా గెలిస్తే 80 కోట్లు, అవకాశంతో లెక్కగడితే 16. అమ్మితే వచ్చేది సున్నా లేదా 9.6. అది నడిపిద్దాం అంటుంది. ఫౌండర్లకు ఇటు సున్నా, అటు 24 కోట్ల ఆశ. వాళ్ళు ప్రాణం పోయినా అమ్మనివ్వరు.

ఒకే వ్యూహం, ఒకే అవకాశం, అందరి ముందూ అదే పత్రం. ఎవరూ మూర్ఖులు కారు, ఎవరూ చెడ్డవాళ్ళు కారు. బోర్డు గదిలో ఒకరు "ఈ మార్కెట్ మీద నమ్మకం లేదు" అంటే, ఇంకొకరు "టీమ్ మీద నమ్మకం ఉంది" అంటారు. ఆ మాటల కింద నడిచేది ఈ లెక్కే. అందరి సంతకాలూ కావాలంటే సున్నా వచ్చేవాళ్ళకు ఏదో ఒకటి విడిగా ముట్టజెప్పాలి. అలా ముట్టజెబితే వరసలో ముందున్న ఇంకొకరికి అన్యాయం అనిపిస్తుంది. స్నాప్‌డీల్‌లో ప్రేమ్‌జీ ఇన్వెస్ట్ లేఖను నేను ఇలాగే చదువుకున్నాను.

2017 జూలై 31న స్నాప్‌డీల్ చర్చలన్నీ ఆపేసింది, సొంతంగా నడుస్తామని ప్రకటించింది. ఫౌండర్ల నిర్ణయాన్ని గౌరవిస్తామని సాఫ్ట్‌బ్యాంక్ ప్రకటన ఇచ్చింది. దానికి నాలుగు రోజుల ముందే ఫ్రీచార్జ్‌ని యాక్సిస్ బ్యాంక్‌కి 385 కోట్ల రూపాయలకు అమ్మారు. కొన్న ధరతో పోలిస్తే ఇది ఎంత చిన్న మొత్తమో చెప్పక్కర్లేదు. కానీ ఆ 385 కోట్లే 2.0కి ఊపిరి. కొత్త డబ్బు అడగకుండా నడవగలమని చెప్పే ధైర్యం దాని వల్లే వచ్చింది. డబ్బు అడగని పివట్‌కి, అంటే వ్యాపారం దారి మార్చడానికి, ఇన్వెస్టరు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాల్సిన పని లేదు, అడ్డుపడకపోతే చాలు. ఈ విషయాన్ని చాలామంది ఫౌండర్లు గమనించరు.

ఎవరి లెక్క నిజమైంది

నష్టం 2017-18లో 613 కోట్లకు, ఆ మరుసటి ఏడాది 186 కోట్లకు తగ్గింది. కంపెనీ బతికింది. మునిగిపోతుందని లెక్కగట్టిన వాళ్ళ అంచనా తప్పింది.

అయితే రెండో వైపు కూడా చూడాలి. ఫ్లిప్‌కార్ట్ ఆఫర్ షేర్ల రూపంలో ఉందని అప్పటి వార్తలు. 2017 ఏప్రిల్ రౌండ్‌లో ఫ్లిప్‌కార్ట్ వాల్యుయేషన్ 1,160 కోట్ల డాలర్లు. 2018 మేలో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లతో సుమారు 77 శాతం వాటా కొనేటప్పుడు ఆ విలువ 2,000 కోట్లు దాటింది. అంటే 2017లో 90 కోట్ల డాలర్ల విలువైన ఫ్లిప్‌కార్ట్ షేర్లు తీసుకున్నవాళ్ళకు ఏడాది తిరక్కముందే అవి 150 కోట్ల దాకా అయ్యేవి. డబ్బు లెక్కలో సాఫ్ట్‌బ్యాంక్ చెప్పిందే సరైనదని నా అభిప్రాయం. ఫౌండర్లు పంతానికి పోయి కంపెనీని ముంచారని కొందరు, సాఫ్ట్‌బ్యాంక్ మెడ మీద కత్తి పెట్టిందని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. నాకు రెండూ నచ్చవు. వాల్‌మార్ట్ సంగతి జూలై 31న ఎవరికీ తెలియదు. ఎవరి వరసలో నిలబడి వాళ్ళు సరైన లెక్కే వేశారు.

నాకు ఇందులో బాధ కలిగించేది ఉద్యోగుల సంగతి. ఈసాప్స్ ఉన్నవాళ్ళు బోర్డులో కూర్చోరు, లేఖలు రాయలేరు. వ్యూహం మారినా, కంపెనీ అమ్ముడైనా వాళ్ళ కాగితం విలువను ఇంకెవరో తేలుస్తారు. మా ఫండ్ సమీక్ష నోటులో ఈసాప్స్ పరిస్థితి మీద ఒక పేరా తప్పనిసరిగా ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

నా టేబుల్ మీద ఈ కేసు ఎలా పనికొస్తుంది

షేర్‌హోల్డర్ల ఒప్పందంలో ఇన్వెస్టరు అనుమతి లేకుండా చేయకూడని పనుల జాబితా ఒకటుంటుంది. అందులో వ్యాపార స్వరూపం మార్చడం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి పివట్ అనగానే ఫౌండరు ముందుగా చదవాల్సింది ఆ పేజీ. ఎవరి సంతకం కావాలో, ఎవరిది లేకపోయినా నడుస్తుందో అక్కడే తేలుతుంది.

ఈమధ్య విజయవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చిన్న ఆస్పత్రులకు అపాయింట్‌మెంట్ల యాప్ నడుపుతోంది, దాన్ని ఆపేసి మందుల షాపులకు స్టాక్ లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తానంటోంది. ముప్ఫై స్లైడ్లు తెచ్చింది, మార్కెట్ సైజు, పోటీదారులు, అన్నీ ఉన్నాయి. "బ్యాంకులో ఎంతుందమ్మా?" అన్నాను. "తొమ్మిది నెలలకు సరిపోతుంది సార్." "కొత్తదానికి మొదటి బిల్లు కట్టే షాపు ఎన్ని నెలల్లో వస్తుంది?" కాస్త ఆలోచించి, "పది పదకొండు నెలలు పడుతుంది సార్" అంది. ఆ రెండు అంకెల మధ్య ఖాళీయే ఆమె అసలు సమస్య. ఎందుకంటే ఆ ఖాళీ పూడాలంటే బ్రిడ్జ్ రౌండ్, అంటే మధ్యలో గట్టెక్కించే చిన్న పెట్టుబడి, కావాలి, బ్రిడ్జ్ కావాలంటే అనుమతి ఒక్కటే చాలదు, ఎవరో ఒకరు కొత్తగా చెక్కు రాయాలి. ఆస్పత్రుల వైపు ఒక ఊళ్ళో మాత్రమే ఉంచి, సర్వర్, సేల్స్ ఖర్చు తగ్గించి ఆ తొమ్మిదిని పన్నెండు చేసి మళ్ళీ రమ్మన్నాను. వచ్చింది. ఈసారి ముప్ఫై స్లైడ్లు లేవు, మూడు షాపుల వాళ్ళు అడ్వాన్స్ కట్టిన రసీదులు తెచ్చింది. మా కమిటీలో ఎప్పుడూ గట్టిగా ప్రశ్నలడిగే పెద్దాయన ఆ రసీదులు చూసి ప్రశ్నలు ఆపేశారు.

మా దగ్గర పివట్ తిరస్కరించే సందర్భాల్లో ఎక్కువగా కనబడే కారణం కొత్త ఆలోచన బాగోలేకపోవడం అనుకుంటారు. కాదు. పాతది ఎందుకు నడవలేదో ఫౌండరు అంకెలతో చెప్పలేకపోవడం. 2011లో స్నాప్‌డీల్ డీల్స్ గురించి చెప్పగలిగినట్టు, ఏ ఖర్చు తగ్గడంలేదో, ఏ కస్టమరు తిరిగి రావడంలేదో చూపిస్తే, కొత్తదాని మీద సందేహాలున్నా ఇన్వెస్టరు కూర్చుని వింటాడు. ఏడాదిలో మూడోసారి దారి మారుస్తూ ప్రతిసారీ "మార్కెట్ ఇంకా రెడీగా లేదు" అనేవాళ్ళ దగ్గర ఎవరూ కూర్చోరు.

ఇంకో మాట, మొదటి పెట్టుబడి తీసుకునేటప్పుడే పట్టించుకోవాల్సింది. వాల్యుయేషన్ ఎంత ఎక్కువైతే అంత గర్వంగా ఉంటుంది. కానీ 650 కోట్ల డాలర్ల వాల్యుయేషన్ చూసిన కంపెనీ చిన్నదిగా మారి లాభాల్లోకి వస్తానంటే, పైధరకు కొన్నవాళ్ళకు ఆ చిన్న కంపెనీలో ఏమీ మిగలదు. చిన్నగా మారే హక్కును ఫౌండరు ఆ రౌండ్‌లోనే అమ్మేసుకున్నట్టు. నేను ఫౌండర్లకు క్యాప్ టేబుల్ (ఎవరికెంత వాటా ఉందో చూపే పట్టిక) ముందు పెట్టి, పైన చూపిన లెక్కే వాళ్ళ సొంత అంకెలతో వేయిస్తాను. కంపెనీ ఎంతకు అమ్ముడైతే తమకు మొదటి రూపాయి వస్తుందో చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

స్నాప్‌డీల్ కథ ఇంకా నడుస్తూనే ఉంది. 2021 డిసెంబర్‌లో ఐపీఓ కోసం సెబీకి పత్రాలిచ్చారు, కొత్త షేర్లతో 1,250 కోట్ల రూపాయలు సమీకరిస్తామన్నారు. టెక్ కంపెనీల షేర్లు పడిపోవడంతో ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్నారు. మాతృసంస్థ పేరు ఏస్‌వెక్టర్‌గా మారింది. 2015లో కొన్న యూనికామర్స్ 2024 ఆగస్టులో విడిగా లిస్ట్ అయింది, 108 రూపాయల ఇష్యూ ధరకు రెట్టింపు మించిన ధరతో మొదలైంది. అందులో సాఫ్ట్‌బ్యాంక్ కూడా తన షేర్లు కొన్ని అమ్ముకుంది. 2025 జూలైలో ఏస్‌వెక్టర్ గోప్యంగా దాఖలు చేసే పద్ధతిలో మళ్ళీ ఐపీఓ పత్రాలిచ్చింది. సెబీ నిబంధనల ప్రకారం లిస్టింగ్‌కి ముందే ప్రిఫరెన్స్ షేర్లన్నీ మామూలు ఈక్విటీగా మారిపోవాలి. ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్న వరస అక్కడితో చెరిగిపోతుంది. 2011లో వచ్చిన ఫండ్‌కీ, 2014లో వచ్చిన సాఫ్ట్‌బ్యాంక్‌కీ, ఈసాప్స్ పట్టుకుని ఎదురుచూసిన ఉద్యోగికీ ఒక్కో షేరుకు వచ్చేది అదే ధర.